మా అత్త కుట్టిన కవర్లు

నేను బస్సు కండక్టర్ని. పొద్దున ఆరింటికి డ్యూటీ ఎక్కితే దిగేదాకా అరవడమే నా ఉద్యోగం. మా అత్త, అంటే మా నాన్నకి అక్క, ముప్పై ఒక్క ఏళ్ళు నోరు మెదపకుండా ఉద్యోగం చేసింది. మా ఇద్దరిదీ ఒకే రక్తమంటే ఎవరూ నమ్మరు.

ఆవిడ పనిచేసింది దేశం మొత్తానికీ పెద్ద కోర్టులో. అనగానే జడ్జీ అనుకునేరు! మెట్ల కింద టపా గదిలో గుమస్తా. నలుమూలల నుంచీ వచ్చే ఉత్తరాలు విప్పి, తేదీ ముద్ర వేసి, నంబరిచ్చి, ఫైలు కట్టి పైకి పంపడం ఆవిడ పని. లాయర్ని పెట్టుకునే దిక్కులేని వాళ్ళు ఓ చింపి కాయితం మీద గోడు రాసి పంపినా చాలు, ఆ కోర్టు దాన్ని కేసుగా తీసుకుంటుంది. మొదటిసారి విన్నప్పుడు నేను నమ్మలేదు. మా డిపో మేనేజరుకి మూడు అర్జీలు పెట్టుకున్నా ఇంతవరకూ జవాబు లేదు మరి!

అత్తకో చాదస్తం ఉంది. కవరుని ఎప్పుడూ ఎడమ అంచునే కత్తిరించేది, ముద్రలు తెగకుండా. ఉత్తరం తీశాక ఆ ఖాళీ కవరుని పారేయకుండా, దబ్బనంతో దారమెక్కించి ఫైలు చివర కుట్టేసేది. గుండుసూది పెట్టదు, తుప్పు పడుతుందట. కుట్టీ కుట్టీ కుడిచేతి బొటనవేలు కాయకాచిపోయింది. ఇంట్లో మేమంతా 'కవరత్త' అని ఏడిపించేవాళ్ళం. నవ్వి ఊరుకునేది.

ఎందుకింత పట్టుదల అని నేను ప్రాణం తోడేస్తే, ఒకే ఒక్కసారి చెప్పింది. ఉద్యోగంలో చేరిన ఏడాది ఓ తల్లి ఉత్తరం రాసిందట. కొడుకుని ఎవరో తీసుకెళ్ళారు, తిరిగి రాలేదు, మీరే వెతికించాలి అని. అత్త ఉత్తరం ఫైల్లో పెట్టి, కవరు బుట్టలో పారేసింది. పైన జడ్జీలు చదివి, ఈవిడది ఏ ఊరో కనుక్కోండి అన్నారు. ఉత్తరంలో ఎక్కడా ఊరు లేదు. అది ఉన్నది కవరు వెనకాల. బుట్ట అప్పటికే ఖాళీ అయిపోయింది. ఏడాది చూసి ఆ ఫైలు మూసేశారు.

"నావల్లేనే," అంది అత్త.

కొన్నేళ్ళకి ఓ సూపరింటెండెంటు వచ్చాడు. కవర్లతో ఫైళ్ళు లావెక్కిపోతున్నాయి, బీరువాలు చాలడం లేదు, అన్నీ పీకి పారేయమన్నాడు. ఆవిడ పీకలేదు. మెమో ఇచ్చాడు. నేనైతే ఒంటికాలి మీద లేచేదాన్ని. అత్త ఒక్క వాక్యం జవాబు రాసింది: "కవరు కూడా జడ్జీలకి పంపినదే కాబట్టి పారేసే అధికారం నాకు లేదండీ." ఆయన దాన్ని పట్టుకుని ఏం చేయాలో తెలీక సొరుగులో పడేసి, కొన్నాళ్ళకి బదిలీ అయి వెళ్ళిపోయాడు.

ఇంకో నెలలో అత్త రిటైరవుతుందనగా, ఓ రోజు నన్ను సెలవు పెట్టమంది. "కోర్టు హాల్లోకి వెళ్ళాలే. మోకాళ్ళు సహకరించడం లేదు, తోడు రా." అప్పుడు తెలిసింది, ముప్పై ఒక్క ఏళ్ళలో ఆవిడ ఆ మెట్లెక్కి పై హాలు చూడనే లేదని! "సరిపోయింది! టికెట్ కొనుక్కుని బస్సెక్కనివాళ్ళలో నువ్వొకదానివి," అన్నాను. "మనకి అక్కడేం పని?" అంది.

మెట్లెక్కుతూ ఆ రోజు పనేమిటో చెప్పింది. ఓ హత్య కేసులో ఓ తాపీమేస్త్రీకి యావజ్జీవం పడింది, కింది కోర్టులన్నీ ఖాయం చేశాయి. ఆ హత్య నేను చేయలేదు మొర్రో అంటాడు. శిక్ష ఖాయమైన అరవై రోజుల్లోగా ఈ కోర్టుకి రాసుకోవాలి. అతని ఉత్తరం రెండేళ్ళకి చేరింది. అంత ఆలస్యం దేనికో తేలకపోతే కేసు వినకుండానే కొట్టేస్తారు. ఇక్కడ కొట్టేస్తే ఇక వెళ్ళడానికి ఎక్కడా చోటు లేదు, జైల్లోనే ముసలాడైపోవాలి.

"ఆ ఉత్తరం విప్పింది నేనే. కవరు మీద రెండు ముద్రలున్నాయి," అంది అత్త ఆయాసపడుతూ.

హాలు చూసి గుమ్మంలోనే ఆగిపోయాను. ఎత్తు వల్ల కాదు, నిశ్శబ్దం వల్ల. అంతమంది జనం, ఫ్యాను చప్పుడు వినిపిస్తోంది! ఎత్తైన బల్ల వెనక ముగ్గురు జడ్జీలు. మధ్యలో తెల్లజుట్టు పెద్దావిడ. అత్త చివరి వరసలో చేతులు ఒళ్ళో పెట్టుకుని బడిపిల్లలా కూర్చుంది.

మేస్త్రీ కేసు పిలిచారు. ప్రభుత్వం లాయరు లేచి, ఆలస్యానికి కారణమే లేదన్నాడు. మేస్త్రీ కోసం కోర్టువారు పెట్టిన లాయరమ్మాయి, జైలు ఆఫీసులో అతను ఎప్పుడో ఇచ్చాడటండీ అంది. "రుజువేది?" అన్నారు పెద్దావిడ. ఆ అమ్మాయి చేతిలోవి జిరాక్సు కాయితాలు. జిరాక్సు తీసేవాడు కవరు తియ్యడు కదా! ఆ పిల్ల వాటినే మళ్ళీ తిరగేసింది. పెద్దావిడ కలం తీసుకున్నారు.

నా అరికాలి మంట నెత్తికెక్కింది. లేచి, చివరి కాయితం తిప్పండి తల్లీ అని అరుద్దామనుకున్నాను. నా గొంతు సంగతి మీకు చెప్పాను కదా. అత్త నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"ఇక్కడ మనం మాట్లాడకూడదే. చెప్పాల్సింది అక్కడ కుట్టేశాను."

అప్పటిదాకా ఒక్క మాటా మాట్లాడని ఎడమ పక్క సన్నటి జడ్జీగారు, అసలు ఫైలు దగ్గరికి లాక్కున్నారు. ఒక్కో కాయితమే తిప్పుతున్నారు. తొందర లేదు. చివరికంటా తిప్పి, ఆగారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు. ఫైలుని మెల్లగా మధ్యకి జరిపారు. మాసిపోయిన ఓ ఖాళీ కవరు మీదకి మూడు తలలూ వంగాయి.

పెద్దావిడ ప్రభుత్వం లాయర్ని దగ్గరికి పిలిచారు. "ఈ గుండ్రటి ముద్ర ఎవరిది?"

"జైలుదేనండీ."

"తేదీ చదవండి. అందరికీ వినపడేలా."

అతను చదివాడు. శిక్ష ఖాయమైన పన్నెండో రోజు. దాని పక్కనే పోస్టాఫీసు ముద్ర, రెండేళ్ళ తరవాతది.

"ఇతను పన్నెండు రోజుల్లో ఇచ్చాడు. రెండేళ్ళు బీరువాలో పెట్టుకున్నది మీరు." ఆవిడ గొంతు పెంచలేదు. కవరు మీద వేలు పెట్టి అన్నారు: "దీని పైన ఇంకో కోర్టు లేదు. మేం పొరపాటు చేస్తే దిద్దేవాళ్ళు లేరు. ఇంకో నిమిషంలో ఆ పొరపాటు చేసేదాన్ని." తీసుకున్న కలం పక్కన పెట్టేశారు. "ఈ అప్పీలు వింటాం. వచ్చే సోమవారం."

అంత ఎత్తున కూర్చున్న మనిషి, ఎవరూ అడగకుండానే, పొరపాటు చేయబోయానని అంతమందిలో చెప్పడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. తప్పు టికెట్ కొట్టి ఒప్పుకోవడానికే నాకు నామోషీ. అక్కడ నిజంగా దణ్ణం పెట్టాలనిపించింది, పెట్టాను కూడా.

బయటికొచ్చాక అత్త మెట్ల మీద కూలబడింది. సంతోషంతో అనుకున్నాను. "చూశావా కవరత్తా! గెలిచేశావు, పద, కాఫీ తాగుదాం," అన్నాను.

కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. నేనెప్పుడూ ఆవిడ ఏడవగా చూడలేదు.

"వాళ్ళు చివరి కాయితం దాకా చూస్తారే. ఆ తల్లి కవరు కూడా చూసుండేవాళ్ళు."

పక్కన కూర్చుని వీపు నిమిరాను. కాసేపటికి కళ్ళు తుడుచుకుని గోడ గడియారం చూసింది.

"మధ్యాహ్నం టపా వచ్చేసుంటుంది. చెయ్యివ్వు, లేవాలి," అంది.