వీడియోగేమ్ పాడైనందుకు పర్వీన్ తీసిన గుంజీలు

ఎనభైల్లో, నేను ఆరో తరగతి పాసైన ఎండాకాలం... కరీమాబాద్‌లో మా వాకిట్లో పదిమంది పిల్లలం ఒకే ఒక్క వీడియోగేమ్ చుట్టూ మూగి ఉన్నాం. వాడ మొత్తానికి అదొక్కటే. మా ఇంట్లోనే ఉండే మా పెదనాన్న కొడుకు రమేషన్నది. వాళ్ల మేనమామ దుబాయి నుంచి తెచ్చాడు.

అరచేతిలో పట్టేంత పెట్టె... దాని అద్దంలో నాలుగు మూలల్లో నాలుగు కోళ్లు. అవి పెట్టే గుడ్లు దొర్లుకుంటూ వస్తుంటే, మూలకో బటన్ నొక్కి మధ్యలో ఉన్న మనిషి బుట్టతో పట్టాలి. మూడు గుడ్లు పగిలితే ఆట ఖతం.

మగపిల్లలకు రోజుకో వంతు. ఆడపిల్లలు ముట్టుకుంటే బటన్లు పాడవుతాయని రమేషన్న రూలు పెట్టాడు. వాడు ఆడుతుంటే విసనకర్రతో విసరడం, స్కోరు గట్టిగా చెప్పడం మా పని. నేను విసిరాను కూడా... ఇప్పుడు తలుచుకున్నా ఒళ్లు మండుతుంది.

పర్వీన్ నా దోస్తు. మా ఇంటికి రెండిళ్ల అవతల ఉండేవాళ్లు. వాళ్లమ్మ వాడలో అందరికీ జాకెట్లు కుట్టేది. బళ్లో మా ఇద్దరిదీ ఒకే బెంచి. పర్వీన్ ఏం చేసిందంటే... ఆడనివ్వకపోతేనేం అని, వాళ్ల ఇంటి గచ్చు మీద సుద్దముక్కతో నాలుగు మూలలు గీసింది. నేను "పైన ఎడమ, కింద కుడి" అని అరుస్తుంటే తను వేళ్లతో టకటకా కొట్టేది. అట్లా నెల రోజులు ప్రాక్టీసు చేసింది. ముట్టుకోని ఆటకు!

ఒకరోజు మధ్యాహ్నం రమేషన్నకు ఏం బుద్ధి పుట్టిందో, పెట్టెను పర్వీన్ చేతికిచ్చాడు. మూడు గుడ్లు పగలగొట్టి ఇచ్చెయ్ అన్నాడు. మగపిల్లలంతా ఒకటే నవ్వు.

వంద దాటేసరికి ఆ నవ్వు ఆగింది. రెండొందలు... మూడొందలు... రమేషన్న రికార్డు నాలుగు వందల పన్నెండు. నాలుగు వందలు కాగానే వాడు "ఇగ చాలు, తే" అన్నాడు. పర్వీన్ తలెత్తలేదు.

"నాలుగు వందల పదమూడు" అని అరిచింది నేనే.

వాడు పెట్టెను పట్టి గుంజాడు. పర్వీన్ వెంటనే వదిలేసింది. గుంజిన జోరుకు అది వాడి చేతిలోంచే జారి, వెనకున్న నీళ్ల గోళెంలో పడింది. నేను చెయ్యి పెట్టి తీశాను. అద్దం కింద నీళ్లు... కోళ్లు లేవు, మనిషి లేడు.

చప్పుడుకు రమేషన్న వాళ్లమ్మ, మా పెద్దమ్మ, బయటికొచ్చింది. రమేషన్న ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "పర్వీనే పడేసింది" అన్నాడు.

చుట్టూ ఉన్న మగపిల్లలందరూ చూశారు. ఒక్కడూ నోరు విప్పలేదు. ఇక వంతు పోతుందని భయపడటానికి ఆటే లేదు... అయినా వాడంటే అంత భయం.

పెద్దమ్మ పర్వీన్‌ను వెంటబెట్టుకుని వాళ్లింటికి పోయి నానా మాటలు అంది. పర్వీన్ వాళ్లమ్మ మిషన్ మీద బట్ట అట్లాగే వదిలేసి, బిడ్డను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. రమేషన్న ముందు నిలబెట్టి గుంజీలు తీయించింది. పర్వీన్ ఏడవలేదు. చెవులు పట్టుకుని లేస్తూ కూర్చుంటూ నా వైపే చూసింది.

"పెద్దమ్మా, పర్వీన్ కాదు. రమేషన్ననే గుంజిండు" అన్నాను.

పెద్దమ్మ నా వైపు తిరిగింది. "నువ్వు ఎవల దిక్కు మాట్లాడుతానవే?"

అమ్మ నా రెక్క పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. మళ్లీ నోరెత్తలేదు నేను.

బళ్లు తెరిచాక పర్వీన్ వేరే బెంచీకి పోయింది. ఒకరోజు ఉప్పుకారం అద్దిన మామిడికాయ ముక్క పట్టుకుని దగ్గరికి పోయాను, తప్పు నీది కాదని నాకు తెలుసని చెప్పాను.

"నాకు చెప్తే ఏమొస్తది? మీ పెద్దమ్మ గుడ్లురుమంగనే ఊకున్నవ్" అంది. మామిడికాయ తీసుకోలేదు.

ఆ మరుసటేడు వాళ్లు హనుమకొండకు ఇల్లు మారారు. మళ్లీ మాట్లాడుకోలేదు.

మొన్న చుట్టాల ఫంక్షన్‌లో భోజనాలయ్యాక, మా వయసు వాళ్లమంతా ఈమధ్య ఎవరెవరు ఫోన్లో ఏ గేమ్ ఆడుతున్నారని మాట్లాడుకుంటున్నాం. ఒకరు రమ్మీ అన్నారు, ఒకరు క్యారమ్స్... రమేషన్న తుపాకుల ఆట ఆడుతూ, చుట్టూ చేరిన పిల్లలకు గొప్పలు పోతున్నాడు. అప్పట్లో మా వాడకు వాడే చాంపియనట. వాడి రికార్డు ఎవరూ కొట్టలేదట.

"పర్వీన్ కొట్టింది" అన్నాను. "నువ్వు గుంజి గోళెంల పడేసి, ఆ పిల్లతోని గుంజీలు తీపిచ్చినవ్."

రమేషన్న భార్య, మా వదిన, కళ్లతో ఆగమని సైగ చేసింది. ఆగలేదు. అక్కడున్న పిల్లలందరి ముందు ఏం జరిగిందో మొదటి నుంచి చివరిదాకా చెప్పాను.

"ఇడిసిపెట్టు చెల్లె... చిన్నపిల్లల ముచ్చట" అని నవ్వాడు.

"ఆమె గూడ చిన్నపిల్లనే."

ఇంకెవరూ నవ్వలేదు. వాడు ఫోన్ జేబులో పెట్టుకుని లేచిపోయాడు. పోయేటప్పుడు నాతో మాట్లాడలేదు. నాకు అక్కర్లేదు కూడా. పర్వీన్ ఎక్కడుందో తెలిస్తే మాత్రం, అందరి ముందు నిజం చెప్పానని పోయి చెప్పాలని ఉంది...

ఇప్పుడు ఎవరి ఫోన్ వాళ్లది. వంతు కోసం ఎవరినీ బతిమాలే పని లేదు. మంచిదే... కానీ ఎవరు గెలిచారో, ఎవరు ఏడ్చారో పక్కింటి వాళ్లకు కూడా తెలియట్లేదు.

మీ వాడలో చెయ్యని తప్పుకు తలొంచిన పిల్ల ఎవరు? చూసి కూడా మీరు ఊరుకున్నారా? కింద రాయండి... "పోనీలే, పాత ముచ్చట" అనేవాళ్లు మాత్రం ఇటు రావొద్దు.