టీవీ నోటికి గంధం

రాస్తున్నావా అమ్మీ? నేను వాగుతూ పోతాను, నువ్వు పనికిరానిది తీసేసుకో. వద్దులే, ఏదీ తీసేయకు. ఇది మా అత్త సంగతి, అంటే మీ తాత వాళ్లమ్మ. నువ్వు పుట్టేసరికే ఆమె లేదు.

బళ్లారి బజారులో మాది బట్టల అంగడి. ముందు అంగడి, వెనక ఇల్లు, రెంటికీ మధ్య ఒక వాకిలి. మా అత్త ఆ వాకిట్లో పీట వేసుకుని కూర్చునేది. గోడ అడ్డం కాబట్టి అంగడిలోకి ఎవరొచ్చారో ఆమెకు కనపడదు. గొంతు విని చెప్పేది.

"తారానగర్ ఆయన వచ్చినాడు చూడప్పా. పోయినసారి కూతురికి ఆకుపచ్చది అడిగినాడు, అది తీసి ముందర ఎయ్" అని లోపలి నుంచే కేకేసేది. వచ్చినాయన నోరు తెరుచుకుని నిలబడేవాడు. చూడకుండా గుర్తుపట్టిన అంగడి వదిలి పక్క అంగడికి ఎవరు పోతారు చెప్పు? మా అమ్మ చెవులే మాకు పెట్టుబడి అని మీ తాత నవ్వుతూ అనేవాడు.

ఎనభైల చివర్లో మా ఇంటికి టీవీ వచ్చింది. నలుపు తెలుపుది, చెక్క పెట్టె. కుడిపక్కన తిప్పే మీటలు, వాటి కింద సన్నని చీలికలు వరసగా. మాట వచ్చేది ఆ చీలికల్లోంచే. దాన్ని మా నడింట్లో పెట్టుకున్నాం. కింద షాబాదు బండలు, పైన ఎత్తు కప్పు, నాలుగు వైపులా ఉత్త సున్నపు గోడలు. దగ్గితే రెండుసార్లు వినపడే ఇల్లు.

మాది వ్యాపారం ఇల్లు కదా, శుక్రవారం వస్తే గల్లాపెట్టెకు, మీటరు కర్రకు, కత్తెరకు, కుట్టుమిషనుకు అన్నిటికీ గంధం పూసి కుంకుమ పెట్టాలి. ఆ పని మా అత్తదే, ఇంకొకరిని చేయనిచ్చేది కాదు. టీవీ వచ్చాక అదీ ఆ వరసలో చేరింది.

మొదట్లో అందరం ఆదివారం సాయంత్రం కన్నడ సినిమాకు చాప పరుచుకుని కూర్చునేవాళ్లం. కొన్ని నెలలు పోయాక మా అత్త మాటిమాటికీ నా మోచెయ్యి పొడవడం మొదలుపెట్టింది.

"ఏమంటాండాడే వాడు?"

"ఇల్లు వదిలి పొమ్మంటాండాడు అత్తా."

"అందరూ నవ్వుతాండారు, ఏంది సంగతి?"

ఆ సంగతి చెప్పేలోపు ఇంకో సంగతి దాటిపోయేది. మాకేమో కళ్లున్నాయి, బొమ్మ చూసి మాట ఊహించుకునేవాళ్లం. ఆమెకు చూపు మసక, మాటే ఆధారం. మీ తాత లేచి సౌండు పెంచేవాడు. పెంచితే నడిల్లంతా గుయ్యిమని మోగేది.

"పెంచితే కొట్లాటలాగుండాది, తగ్గిస్తే నోట్లో ముద్ద పెట్టుకుని మాట్లాడినట్లుండాది. సాకప్పా, చాలింక, బంద్ చెయ్" అని లేచి వెళ్లిపోయేది. ఆ తర్వాత ఆదివారాలు వంటింట్లోనే వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ కూర్చుంది.

ఒకరోజు పొద్దున చూస్తే వాకిట్లో పీట లేదు. గోడకు ఆనించి ఉంది.

"ఇంక నువ్వే కూర్చోవే ఈడ. నా చెవులు అయిపోయినాయి" అంది.

"అట్లెందుకంటావు అత్తా?"

"ఒకని పేరుతో ఇంకొకన్ని పిలిచినాననుకో, ఇన్నేండ్ల మర్యాద ఒక్క పూటలో పోతాది. నోరు మూసుకుని సుమ్మనె ఉండేదే మేలు."

ఆ పీట మీద కూర్చోవాలని నాకెప్పుడూ లేదు. ఆమె లేకపోతే ఆ వాకిలి వాకిలే కాదు. ఇట్లా ఒక్కొక్క చోటు వదులుకుంటూ పోతే చివరకు మంచం ఒకటే మిగులుతుంది కదా అని భయమేసింది.

రెండు రోజులకు, నేను పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. ఆమె వసారాలో అటు తిరిగి కూర్చుని ఉంది.

"పాలు పొంగుతాండాయి, పరిగెత్తు!" అని అరిచింది.

పరిగెత్తాను. పాలు అప్పుడే గిన్నె అంచుకు వచ్చాయి. పొయ్యి తగ్గించి అక్కడే నిలబడిపోయాను. పాల చప్పుడు విన్న చెవికి టీవీ మాట ఎందుకు వినపడదు? పరీక్ష చేద్దామని గొంతు బాగా తగ్గించి, "అత్తా, చక్కెర యాడ పెట్టినావు?" అన్నాను.

"పప్పు డబ్బా ఎనకాల. గుసగుసలెందుకే, ఎవరన్నా వచ్చినారా?" అంది.

చెవులు బాగున్నాయి. జబ్బు టీవీది.

మీ తాతను పోరి మెకానిక్‌ను పిలిపించాను. గడ్డం నెరిసిన సాయిబు, రేడియోల కాలం నుంచి మాకు తెలుసు. టీవీ వెనక చెక్క విప్పి, దుమ్ము ఊది, చాలాసేపు చూశాడు.

"స్పీకరు బిల్‌కుల్ బాగుండాదమ్మా. ఖరాబు ఏం లేదు" అన్నాడు. పనిముట్లు సర్దుకుంటూ, "ముందరి పక్క మాత్రం నేను ముట్లేదు. పూజ చేసినారు కదా, నేనెట్ల చెయ్యి పెట్టేది?" అన్నాడు.

అతను వెళ్లాక టీవీ ముందు కూర్చుని దగ్గరగా చూశాను. చీలికలు ఉండాల్సిన చోట పసుపు రంగు గోడలాగా ఉంది. ఏడాది పైగా వారం వారం పూసిన గంధం, పొర మీద పొర ఎండి, చీలికలన్నీ పూడిపోయాయి. మేం రోజూ చూస్తూనే ఉన్నాం. బొట్టు అనుకున్నాం కానీ అది మూత అని ఒక్కరికీ తట్టలేదు.

మీ తాతకు చూపిస్తే తల పట్టుకున్నాడు.

"అమ్మకు చెప్పొద్దు, బాధపడతాది. గురువారం నువ్వు గీకెయ్, శుక్రవారం ఆమె పూసుకుంటాది."

"జీవితమంతా గీకుతా కూర్చోమంటావా? ఆమె తన చెవులు పోయినాయనుకుంటాండాది. ఆ మాట ఎవరు గీకుతారు?" అన్నాను.

శుక్రవారం ఆమె గంధం గిన్నెతో నడింట్లోకి వచ్చేదాకా ఆగాను.

"అత్తా, ఒక మాట అడుగుతా, కోప్పడద్దు. మనం బొట్టు నుదుటికి పెడతామా, నోటికి పెడతామా?"

"అదేం ప్రశ్నే? నుదుటికే."

ఆమె వేలు పట్టుకుని ఆ చీలికల మీద పెట్టాను. "ఇది దీని నోరు."

ఆమె వేలితో అటూ ఇటూ తడిమింది. గోటితో గీకితే ఒక పెచ్చు ఊడి కింద పడింది. ఉన్నట్టుండి పొట్ట పట్టుకుని నవ్వింది.

"అయ్యో శివనే! ఏడాదంతా దాని నోరు నేనే మూసి, అది మాట్లాడలేదని దాన్నే తిడతా వచ్చినానా!"

ఇద్దరం కూర్చుని తడిగుడ్డ, పాత పళ్ల బ్రష్షు, గుండుసూది పెట్టి ఒక్కొక్క చీలిక శుభ్రం చేశాం. తడి లోపలికి పోకుండా గుడ్డ గట్టిగా పిండమని ఆమె నాకు పాఠం చెప్పింది. ఆ వారం గంధం టీవీ పైచెక్కకు పూసింది.

ఆన్ చేస్తే మాట విడివిడిగా వచ్చింది. కానీ గది మాత్రం ఇంకా మోగుతూనే ఉంది. ఆ మందు ఆమే చెప్పింది.

"అంగడికి సున్నం కొట్టినప్పుడు కంబళి కట్టలు ఈడే పేర్చినాం, గుర్తుండాదా? అప్పుడు ఎంత అరిచినా మోగల్యా. రెండు కంబళ్లు తెచ్చి ఆ ఎదురు గోడకు కట్టు."

మీ తాత గొణుక్కుంటూనే కట్టాడు. కింద జంపఖానా పరిచాం. సౌండు సగానికి తగ్గించినా సరిపోయింది. ఆ ఆదివారం సినిమాలో తాగుబోతు ఏదో అన్నాడు. మేమంతా ఇంకా బొమ్మ చూస్తున్నాం, మా అత్త ఒక్కతే ముందుగా పకపకా నవ్వింది. "ఏమన్నాడమ్మా?" అని మీ తాత అడిగితే, "సుమ్మనుండప్పా, ఇననీ" అని కసిరింది.

మర్నాడు పొద్దున పీట వాకిట్లో ఉంది. నేను చూసీ చూడనట్లు కూరగాయలు తరుగుతున్నాను. అంగడిలో ఎవరో గొంతు సవరించుకున్నారు.

"కంప్లి ఆయన వచ్చినాడు, పంచెలు తియ్యండి!" అని కేకేసింది.

వచ్చింది ఆయన కాదు, ఆయన తమ్ముడు. అంగట్లో అందరూ నవ్వారు. నా చేతిలో కత్తి ఆగిపోయింది, పీట మళ్లీ గోడకెక్కుతుందని.

"అన్నాతమ్ముడు ఒకే గొంతు పెట్టుకుని పుడితే నేనేం చేసేదప్పా? మీ అన్నకు చెప్పు, ఈసారి ఆయన్నే రమ్మను" అంది, పీట కొంచెం ముందుకు జరుపుకుంటూ.