బాలింత వాపు

నా తోటికోడలిని చూసి నేను కుళ్ళుకున్నంతగా బాన్సువాడలో ఎవరూ ఎవరినీ చూసి కుళ్ళుకుని ఉండరు. మా బావగారి భార్య. అక్కా అని పిలుస్తాను. నా బిడ్డను ఎత్తుకుని తిరగడమే ఆమె చేసిన తప్పు.

కాన్పుకు కోటగిరిలో పుట్టింటికి వెళ్ళాను. పాప పుట్టిన పదిహేను రోజులకు నా కాళ్ళు ఉబ్బాయి. పడుకుంటే ఊపిరాడక గోడకు ఆనుకుని కూర్చునే కునుకు తీసేదాన్ని. "బాలెంతకు గీమాత్రం వాపు ఉంటది బిడ్డా. నీళ్ళు ఎక్కువ తాగుతున్నవ్, గందుకే," అని అమ్మ చెంబు దాచేసింది. చెవులకు గుడ్డ ఇంకా బిగించి కట్టింది. అమ్మను తిట్టి ఏం లాభం, వాళ్ళమ్మ ఆమెకూ అదే చేసింది.

నాలుగడుగులకే ఆయాసం మొదలయ్యాక దవాఖానకు తీసుకెళ్ళారు. నిజామాబాద్‌లో గుండెకు స్కానింగ్ చేసిన డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. "కాన్పు టైంలో కొందరికి గుండె కండరం సాగిపోయి బలం తగ్గుతుంది. రక్తాన్ని సరిగ్గా తోయలేదు. అందుకే కాళ్ళల్లో, ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. మందులతో చాలామంది కోలుకుంటారు. అప్పటిదాకా బరువులెత్తొద్దు."

"పాపను?" అన్నాను.

"పాప కూడా బరువే."

మందుల వల్ల నా పాలు మాన్పించారు. బాన్సువాడలో అత్తింటికి తిరిగొచ్చాక పాలడబ్బా అక్క చేతికి వెళ్ళింది, పాప అక్క చంకకెక్కింది. ఎంత ఏడుస్తున్నా ఆమె ఎత్తుకోగానే నోరు మూసేది. నేను ఉప్పు లేని పప్పు మింగుతూ మంచం మీద నుంచి చూసేదాన్ని. ఒళ్ళు మండిపోయేది. ఇద్దరు కొడుకులున్నారు కదా, ఇంకా నా పిల్ల ఎందుకట ఆమెకు?

పాపకు ఏడో నెల. ఒకరోజు పొద్దున అక్క తలస్నానానికి వెళ్ళగానే పాపను ఎత్తుకుని డాబా మెట్లెక్కాను. కాసేపు ఎండలో నేనూ నా బిడ్డా ఉందామని. అయిదో మెట్టుకే ఊపిరి అందక కూలబడ్డాను. పాప గుక్కపట్టింది.

అక్క నీళ్ళోడుతున్న జుట్టుతో పరుగెత్తుకొచ్చింది. తిడుతుందనుకుని జవాబు సిద్ధం చేసుకున్నాను. పాప రెండు చేతులూ ఆమె వైపే చాపింది. ఆమె ఎత్తుకోలేదు. కింది మెట్టు మీద కూర్చుని, నా ఒళ్ళో ఉన్న పాప కిందికి తన రెండు చేతులూ పోనిచ్చింది.

"నీ ఒళ్ళోనే ఉండనియ్యి. బరువు నేను పట్టుకుంట."

పాప కాసేపు గునిసి, నా నల్లపూసలు పట్టుకుని ఊరుకుంది. ఆమె మీద అంత కుళ్ళు నాకు ఇంకెప్పుడూ రాలేదు. ఆమె స్థానంలో నేనుంటే పాపను లాక్కునేదాన్ని.