ఎవరికి చెప్పిందో రాయని కాగితం

ఐదేళ్లుగా ఒక కాగితం మోస్తా ఉండాను. అది నా దగ్గర లేదు. నేను మానేసిన కంపెనీ ఫైల్లోనో, చిత్తూరులో ఒక లాయరు బీరువాలోనో ఉంటాది. అయినా బరువు నాదే. అన్నం ముందర కూర్చున్నా, బండి తోల్తా ఉన్నా, బస్సులో పక్క సీటాయన ఫోన్లో ఎవరికో ఓటీపీ చదివినా, ఆ కాగితమే కళ్ల ముందరికి వస్తాది. నాలుగు లైన్లు. కింద ఒక సంతకం. సంతకం పక్కన నల్లటి వేలి మరక.

మీరెవరో నాకు తెలీదు. అదే మేలు. తెలిసినోళ్లకు చెప్పే ధైర్యం ఉంటే ఐదేళ్లెందుకు పడతాది? నా పేరు రాయను. పిరికితనం అంటారా, అనండి. ఆ సంతకం పెట్టిన ఆయమ్మ పేరు కూడా మార్చినాను. సుగుణమ్మ అని పెట్టుకుందాం.

అప్పట్లో నేను తిరుపతిలో ఒక యాత్రల కంపెనీలో బుకింగ్ సీట్లో కూర్చునేవాణ్ణి. ప్రతి పౌర్ణమికీ అరుణాచలానికి మా బస్సులు పోయేవి. జనం గిరి చుట్టూ నడిచి, మరుసటి రోజు కాళ్లు ఈడ్చుకుంటా తిరిగొచ్చేవాళ్లు. పౌర్ణమి దగ్గర పడేకొద్దీ మా వెబ్‌సైటు పడకేసేది. సగం కట్టినాక ఆగిపోయేది. ఫోన్లు మోగుతానే ఉండేవి. అందుకని మేమొక పద్ధతి పెట్టుకున్నాం. అమ్మా, మీ కార్డు ముందూ వెనకా ఫోటో తీసి మా ఆఫీసు ఫోనుకు వాట్సాప్ చేయండి, మేమే కడతాం అనేవాళ్లం. వాళ్ల ఫోనుకు ఓటీపీ నెంబరు వస్తాది, మాకు ఫోన్ చేసి చదువుతారు, మేము కొట్టేస్తాం, టికెట్ అయిపోతాది.

వచ్చే పౌర్ణమికి మళ్లా వాళ్లే గదా వచ్చేది. మొక్కుకున్నోళ్లు మధ్యలో మానరు. ప్రతి నెలా ఫోటో అడగడం మాకూ తలనొప్పి, వాళ్లకూ తలనొప్పి. అందుకని ఆ ఫోటోలు తుడిచేవాళ్లం కాదు. ఫోన్లో అట్లనే ఉండేవి, వందలు వందలు, ఊళ్ల పేర్లు పెట్టి. నెంబరు వచ్చిందామ్మా అని అడిగితే చాలు, అవతల నుంచి చదివేసేవాళ్లు. ఇంటి మనిషికి చెప్పినట్టు చెప్పేవాళ్లు.

తప్పని తెలీదా? తెలుసు. బ్యాంకులు మెసేజీలు పంపతానే ఉంటాయి, ఎవరికీ చెప్పొద్దని. మేము ఎవరిలోకీ రాము అనుకునేవాణ్ణి. దేవుని కాడికి పోయేవాళ్లకు సాయం చేస్తా ఉండాను, నాది సేవ, అనుకునేవాణ్ణి. ఆ మాట నాకు ఎంత సుఖంగా ఉండేదో. ఇప్పుడు తల్చుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తాది.

ఆ ఆఫీసు ఫోను నా చేతిలో ఉండేది. ఒక పౌర్ణమి ముందు మా ప్రింటరు చెడిపోయింది. తమిళనాడు బార్డర్లో చూపించడానికి డ్రైవరు చేతికి ప్రయాణికుల లిస్టు ఇయ్యాల. బస్టాండు పక్కన జెరాక్స్ అంగడికి పరిగెత్తి, ఆడి కంప్యూటర్లో మా ఆఫీసు వాట్సాప్ తెరిచి, లిస్టు ప్రింటు తీసుకొని వచ్చేసినాను. వాట్సాప్ మూయలా. గుర్తు లేదా, బద్ధకమా? రెండూ కాదు. బస్సు కదలతా ఉండాదని ఎవరో అరిచినారు, లేచి పరిగెత్తినాను. అంతే. ఎంత చిన్న పని అది. ఒక్క నొక్కుతో మూసేయొచ్చు.

ఆ తర్వాత రెండు మూడు వారాలకు మొదలయింది. మా యాత్రికుల కార్డుల్లోంచి దుడ్లు పోతా ఉండాయని ఫోన్లు. యాడో బయటి దేశం వెబ్‌సైట్లలో, ఏ నెంబరూ అడక్కుండా, కార్డు మీద ఉండే అంకెలతోనే. అట్ల కూడా పోతాయని అప్పుడే తెలిసింది నాకు. ఆఫీసు ఫోను తెరిచి చూస్తే, ఆ అంగడి కంప్యూటర్లో మా వాట్సాప్ ఇంకా తెరిచే ఉండాది, అంటే కార్డుల ఫోటోలన్నీ ఆడ కనబడతాయి. తీసేసినాను. ఎవరికీ చెప్పలా. ఆడి నుంచే పోయిందా, ఇంకో దారిన పోయిందా అంటే నేను సాక్ష్యం చూపలేను. కానీ నాకు తెలుసు.

ఈ సంగతి మీకే మొదట చెప్పడం. మా ఇంట్లోవాళ్లకు కూడా తెలీదు.

కంపెనీ అందరికీ ఒక ఉత్తరం పంపింది. కొంత చెల్లింపుల సమాచారం బయటివాళ్ల చేతికి పోయింది, చింతిస్తున్నాం అని. చింతతో సరిపెట్టుకునేవాళ్లు ఎవరుంటారు? చిత్తూరులో ఒక రిటైరైన హెడ్మాస్టరు ముప్పై నలభై మందిని కూడగట్టి, పరిహారం ఇప్పించమని వినియోగదారుల కోర్టుకు పోయినాడు. ఆ లిస్టులో సుగుణమ్మ పేరు ఉండాది.

సుగుణమ్మది శ్రీకాళహస్తి. కలంకారీ పని. మొగుడు పోయినాక ఆ పనితోనే నిలబడింది. పన్నెండు మంది ఆడోళ్లు ఆయమ్మ కింద రంగులు నింపుతారు. ప్రతి నెలా వాళ్లంతా తలా కొంచెం ఆయమ్మ చేతికి ఇచ్చేవాళ్లు, ఆయమ్మ అందరికీ కలిపి తన కార్డుతో నా దగ్గర బస్సు టికెట్లు తీసేది. అరుణాచలం పోవడమే వాళ్లకు నెలకొక సెలవు. ఆ పన్నెండు మంది ఆయమ్మ మాట మీద నడిచేవాళ్లు. అక్కా అంటే అక్కే. తుమ్మబంక పట్టినట్టు ఆయమ్మను అంటిపెట్టుకొని ఉండేవాళ్లు. ఆ కార్డులో పోయింది ఆయమ్మ ఒక్కదాని సొమ్ము కాదు, పన్నెండు మందిది.

మా ఇన్‌చార్జి నన్ను గదిలోకి పిలిచినాడు. ఓటీపీ నెంబరు ఫోన్లో బయట చెప్పినామని ఒక్క మనిషి రాసిస్తే చాలు, తప్పు వాళ్లదే అని తేలిపోతాది, మిగిలినోళ్లు వాళ్లంతట వాళ్లే జారుకుంటారు అన్నాడు. నీకు బాగా నమ్మకమైనోళ్లు ఎవరన్నా ఉండారా అని అడిగినాడు. ఆ వెంటనే, ఆ ఫోను ఎవరి చేతిలో ఉండేదో కూడా కోర్టువాళ్లు అడగతారప్పా అన్నాడు, చానా మెత్తగా. ఆయనకు జెరాక్స్ అంగడి సంగతి తెలీదు. తెలిసి అన్నాడేమో అని నేను భయపడినాను. నన్ను బెదిరించినాడని రాసుకుంటే నాకు కొంచెం తేలికవుతాది. కానీ నిజం చెప్పాల. ఆయన అడిగేసరికి నాకు ఊరట కలిగింది. తప్పు ఇంకొకరి నెత్తిన పెట్టే దారి కనబడింది. సుగుణమ్మ పేరు నేనే చెప్పినాను.

మధ్యాహ్నం పూట శ్రీకాళహస్తి పోయినాను. రేకుల షెడ్డు. బెల్లం, తుప్పు ఇనుము నానబెట్టిన నల్లరంగు కుండలోంచి పుల్లటి వాసన. నేల మీద బట్ట పరిచి, వెదురు కలంతో గీతలు గీస్తా ఉండాది ఆయమ్మ. నన్ను చూసి లేచి, చాప వేసి, మజ్జిగ తెప్పించింది. మిగతా ఆడోళ్లు అన్నాలకు పోయినారు. నేను కాగితం తీసినాను. ఇది కంపెనీ వాళ్లకు, పరిహారం పని తొందరగా కావడానికి అని చెప్పినాను. ఎంత తేలిగ్గా వచ్చింది ఆ అబద్ధం. ముందే వాడుకైన మాట మాదిరి.

ఆయమ్మ కళ్లద్దాలు పెట్టుకొని నిదానంగా చదివింది. చదువు తక్కువే గానీ ఒక్క అక్షరం వదలదు.

"ఓటీపీ నెంబరు నేను ఫోన్లో చెప్పినాను అని రాసుండాదే, నాయనా."

"చెప్పినావు గదమ్మా ప్రతి నెలా."

"నీకే గదప్పా చెప్పింది."

"అవునమ్మా. నాకే."

"మరి ఎవరికి చెప్పినానో రాయలేదే ఇందులో?"

నేను మజ్జిగ గ్లాసు చేతిలోకి తీసుకున్నాను. ఒక గుక్క తాగినాను. ఆ గుక్క తాగేంత సేపు నాకు టైము ఉండాది. ఇప్పటికీ అనుకుంటాను, ఆ గుక్క తర్వాత నోరు తెరిచి నిజం చెప్పుంటే ఏమయ్యేది? ఉద్యోగం పోయేది. అంతే గదా.

"అది మనకు తెలుసు గదమ్మా. మళ్లా రాసేదెందుకు?"

ఆయమ్మ నా మొహం చూసింది. అనుమానంగా కాదు. బిడ్డ తిన్నాడా లేదా అని చూసినట్టు చూసింది.

"నువ్వు తెచ్చినావంటే సరేలే. యాడ పెట్టాల?"

చూపించినాను. పెట్టింది. చేతికి అంటిన నల్లరంగు కాగితం మీద పడింది. అయ్యో, మురికి చేసినానే అని నొచ్చుకొని పైట చెంగుతో అద్దింది. పర్వాలేదమ్మా అన్నాను. పర్వాలేదు అన్నాను నేను.

మిగిలింది ఇన్‌చార్జి చెప్పినట్టే అయింది. కంపెనీ లాయరు ఆ కాగితం ముందర పెట్టినాడు. నెంబరు తానే బయట చెప్పుకున్నానని వీళ్ల మనిషే ఒప్పుకుంటా ఉండాది అన్నాడు. మిగతావాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారంట. అందరూ చెప్పినోళ్లే గదా, మాకే చెప్పినారు, కానీ చెప్పినోళ్లే. నెంబరు అక్కర్లేకుండానే దుడ్లు పోయినాయని హెడ్మాస్టరు మొత్తుకున్నాడంట. వినే ఓపిక ఎవరికుంది? ఒకరి తర్వాత ఒకరు సంతకాలు వెనక్కి తీసుకున్నారు. కేసు కోర్టు కొట్టేయలేదు, వాళ్లే వదులుకున్నారు. ఎవరికీ ఏమీ రాలా. కంపెనీకి కొత్త వెబ్‌సైటు వచ్చింది.

శ్రీకాళహస్తిలో మాట పాకింది. అక్కే నెంబరు ఎవరికో చెప్పేసిందంట, కాగితం మీద రాసిచ్చిందంట అని. ఆ పన్నెండు మందీ ఆయమ్మను తిట్టలేదు. తిట్టినా బాగుండు. ఊరికే ఒక్కొక్కరే ఇంకో షెడ్డుకు పోయినారు. పౌర్ణమి బస్సుకు ఇంకొకామె దుడ్లు కూడగట్టడం మొదలుపెట్టింది. ఆ కొత్తామె పేరుతో బుకింగ్ వచ్చినప్పుడు, సుగుణమ్మకు సీటు లేదా అని నేను అడిగినాను. ఆయమ్మ రాదులే సార్, ఆయమ్మకు ఈ మధ్య మతిమరుపు, అనింది అవతలి గొంతు.

మతిమరుపు. కొలత పెట్టకుండా కల్పవృక్షం గీసే మనిషికి. ఏ ఆకు యాడ ఉండాల్నో చేతిలోనే ఉండే మనిషికి.

ఒక ఏడాది తర్వాత నేను ఉద్యోగం మానుకొని బంగారుపాళ్యం పక్కన మా ఊరికి వచ్చేసినాను. ఇప్పుడు మామిడి గుజ్జు ఫ్యాక్టరీ గేటు కాడ లారీలకు చీటీలు ఇస్తాను. పశ్చాత్తాపంతో మానేసినానని చెప్పుకోవచ్చు. అదీ అబద్ధమే. ప్రతి పౌర్ణమికీ ఆ ఫోను మోగడం వినలేక మానేసినాను. నా చెవుల కోసం, ఆయమ్మ కోసం కాదు.

పోయిన నెల మా అత్తకు తోడుగా రాహుకేతు పూజకని శ్రీకాళహస్తి పోయినాను. పోనని చెప్పడానికి ఒక సాకు కూడా దొరకలా. పూజయినాక బస్టాండులో నిలబడి ఉంటే, వెనక నుంచి ఎవరో నా మోచెయ్యి పట్టుకున్నారు. సుగుణమ్మ. సన్నబడిపోయింది. చేతికి రంగు లేదు. ఆ చేతులు అంత తెల్లగా ఉంటాయని నాకు తెలీదు.

బాగుండావా అప్పా, చిక్కిపోయినావే అనింది. పెండ్లయిందా, పిల్లలెంతమంది అని అడిగింది. నేను మాట మార్చినాను. పనికి పోలేదామ్మా అంటే, ఇప్పుడు ఎవరూ ఇయ్యరు నాయనా, చూపు కూడా ఆనడం లేదు అనింది. ఆ తర్వాత కొంచెం దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి చెప్పింది.

"నీకొక మాట చెప్తా, మనసులో పెట్టుకో. ఫోన్లో నెంబరు ఎవరికీ చెప్పొద్దప్పా. నేను ఎవరికో చెప్పేసినాను. ఎవరికో ఎంత ఆలోచించినా గుర్తు రావడం లా."

బస్సు వచ్చింది. మా అత్త పిలిచింది. ఎక్కినాను. కిటికీలోంచి చూస్తే ఆయమ్మ చెయ్యి ఊపతా ఉండాది.

ఇప్పుడన్నా పోయి చెప్పొచ్చు గదా అంటారు మీరు. ఆ పన్నెండు మందిని పిలిచి, వాళ్ల ముందర చెప్పొచ్చు గదా అంటారు. చెప్పాల్సిందే. నాకు చేతకాలా, చేతనవుతాదని మాట కూడా ఇయ్యలేను. ఆయమ్మ క్షమిస్తాది, అది నాకు తెలుసు, అందుకే ఆ గడప తొక్కడానికి భయం. మజ్జిగ ఇస్తాది.

అంతవరకు ఈ పని ఒక్కటి చేస్తా ఉండాను. ఆ కాగితంలో నేను రాయకుండా వదిలిన లైను ఈడ రాస్తా ఉండాను. ఐదేళ్లలో ఇంత నిండుగా ఊపిరి తీసుకోవడం ఇదే మొదలు.

సుగుణమ్మ ఆ నెంబరు నాకు చెప్పింది. నాకు ఒక్కనికే చెప్పింది.