అతుకు లేని స్టాండు

వర్జిల్ హ్రుస్కా నలభై ఒక్క ఏళ్లు వెల్డింగ్ చేశాడు. అమెరికాలోని నెబ్రాస్కాలో వాళ్ల చుట్టుపక్కల నాలుగు ఊళ్లలో ఆయన చేతి అతుకు పడని ట్రాక్టర్ నాగలి గానీ, పశువుల గేటు గానీ లేదు. బోల్టంటే ఆయనకు చిన్నచూపు. వెల్డింగ్ చేతకానివాళ్లే బోల్టులు బిగించుకుంటారని కాఫీ కొట్లో బాహాటంగా అనేవాడు. పని వచ్చిన మనిషికి ఆ మాత్రం పొగరు ఉంటుందిలే అని ఎవరూ పట్టించుకోలేదు.

ఆ పొగరే చివరికి ఆయన భార్య ఆర్లిస్ చెంప మీద మచ్చయి కూచుంది.

పెళ్లయిన నాటి నుంచీ ఆదివారం చర్చి నుంచి వచ్చి, భోంచేసి, ఇద్దరూ రైఫిళ్లు తీసుకుని వాగు గట్టుకు పోయేవాళ్లు. మొదట్లో డబ్బాలు కొట్టేవాళ్లు, తర్వాత కాగితాలు. ఆవిడ గురి ఆయన గురికంటే మెరుగు. ఆ సంగతి ఊరంతా చెప్పుకు తిరిగింది కూడా ఆయనే. రెండేళ్ల కిందట ఉక్కు పలక కొన్నాడు. తూటా తగిలితే ఖంగుమంటుంది, దగ్గరికెళ్లి చూసుకునే పని ఉండదు. దాన్ని తయారుచేసినవాళ్లు బోల్టుల కోసం రెండు కన్నాలు కూడా పెట్టి ఇచ్చారు. వర్జిల్ ఆ కన్నాలు చూసి నవ్వుకుని, వాటిని పూడ్చేసి, పలకను ఇనుప చట్రానికి నిటారుగా వెల్డింగ్ చేసి పారేశాడు.

అలాంటి గట్టి ఉక్కు వేడికి మెత్తబడుతుందని ఆయనకు తెలియక కాదు. నా చేతి అతుక్కి ఏమవుతుందిలే అనుకున్నాడు. వేసవి గడిచేసరికి అతుకుల పక్కన తూటాలు గుంటలు పెట్టాయి. ఒక ఆదివారం ఆయన పేల్చిన తూటా ఆ గుంటలో పడి, దాని ముక్క వెనక్కి వచ్చి, కుడిపక్కన నిలబడ్డ ఆర్లిస్ చెంప చీల్చింది. రక్షణ అద్దాలు పెట్టుకోబట్టి కన్ను దక్కింది. ఆవిడ పల్లెత్తు మాట అనలేదు. తన రైఫిల్ తుడిచి, బీరువాలో పెట్టి తాళం వేసింది. ఏడాది దాటినా ఆ తాళం తియ్యలేదు. తిట్టి ఉంటే బాగుండేదని వర్జిల్ ఎన్ని ఆదివారాలు కుమిలిపోయాడో లెక్కలేదు.

ఈ ఏప్రిల్లో మళ్లీ ఒక పలక కొన్నాడు. ఊరి ఫైరింజను చూసుకునే చిన్ననాటి స్నేహితుడు డెల్బర్ట్ దగ్గరికి వెళ్లి, పలకను వేలాడదీయడానికి చిరిగిన గుడ్డ నీళ్ల పైపు ముక్క ఒకటి అడిగాడు.

"ఏంట్రా, నీ వెల్డింగ్ మిషన్ గానీ చచ్చిందా?" అన్నాడు డెల్బర్ట్.

"మిషన్ బాగానే ఉంది. నాకే బుద్ధొచ్చింది."

డెల్బర్ట్ పైపు కోసిచ్చాడు.

నాలుగు చెక్క కాళ్లు, వాటి మీద అడ్డంగా ఒక దూలం. దూలానికి రెండు పైపు ముక్కలు వేలాడదీసి, వాటి చివర్లను పలక వెనక బోల్టులతో బిగించాడు. అలా బిగిస్తే పలక కాస్త ముందుకు వాలుతుంది, తూటా ముక్కలు నేలకు పోతాయి. బోల్టు పని అలవాటు లేక రెండింటి మరలు పాడుచేసి, తాతగారి చెక్ భాషలో తిట్టుకున్నాడు. తర్వాత తాము నిలబడేచోట అట్టలు నిలబెట్టి, వాటి పక్క నుంచి నలభై తూటాలు పేల్చాడు. అట్టలకు గీత కూడా పడలేదు. అప్పుడు పలకకు తెల్లరంగు పూశాడు.

ఆదివారం ఒకసారి వచ్చి చూడమని ఆర్లిస్‌ను అడిగాడు. ఆవిడ వట్టి చేతులతో వచ్చింది. పలక వెనక అరచేత్తో తడిమి చూసింది.

"వెల్డింగ్ ఎక్కడ చేశావు?"

"ఎక్కడా లేదు."

"ఒక్కచోట కూడానా?"

"అన్నీ బోల్టులే, ఆర్లిస్."

ఆవిడ ఇంటికి నడిచింది. అంతేలే అనుకుని వర్జిల్ దూలం విప్పబోయాడు. అంతలో ఆవిడ రైఫిల్ భుజాన వేసుకుని తిరిగొచ్చింది. ఆయన్ని తన కుడిపక్కన, ఆనాడు తను నిలబడ్డచోటే నిలబడమంది. నిలబడ్డాడు. అద్దాలు పెట్టుకుని, ఐదు తూటాలు పేల్చింది. ఐదుసార్లూ ఖంగుమంది.

దగ్గరికెళ్లి పలక చూసి, "రంగంతా ఊడిపోయింది. వచ్చే ఆదివారానికి మళ్లీ తెల్లగా పూసి పెట్టు" అంది.

వర్జిల్ తలూపాడు. రంగు డబ్బా తేవడానికి అప్పుడే ఇంటికి బయల్దేరాడు.