తాలుకాయల దిష్టి

మా అమ్మాయి రెండో తరగతిలో ఉండగా ఊళ్లో బడికి కొత్తగా ఒక టీచరమ్మ వచ్చింది. ఆవిడ నన్ను అడిగిన మొదటి ప్రశ్న, "అమ్మా, పాప కరవబోయే ముందు ఏం జరుగుతుందండీ?" అని. కరిచాక ఏం జరిగిందో అందరూ అడుగుతారు. ఎవరి పిల్లను కరిచింది, రక్తం వచ్చిందా, ఆ పిల్ల తల్లి ఏమని తిట్టింది. ఇవి నాకు అలవాటైన ప్రశ్నలు. ముందు సంగతి అడిగేసరికి నాకు ఒళ్లు మండింది. ఈవిడ ఏదో కూపీ లాగుతోంది అనుకున్నాను. ఇంట్లో మేం కొడుతున్నామని తేల్చి, ఆ వంకతో పిల్లను బడిలోంచి సాగనంపే ఎత్తు కాబోలు.

"ఏం జరగదండీ. బాగానే ఉంటది, ఉన్నట్టుండి అరిచిద్ది" అన్నాను ముక్తసరిగా.

నాకు అనుమానం ఎక్కువే. మా ఆయన అయితే నువ్వు పోలీసుల్లో చేరాల్సిన దానివి అంటాడు. ఎరువుల కొట్లో కట్ట తూకం నుంచి పాలవాడి కొలత దాకా నేను దేన్నీ ఊరికే నమ్మను. కానీ పిల్ల విషయంలో నన్ను అట్లా తయారు చేసింది ఊరే. అద్దంకి పక్కన మాది అంత పెద్ద ఊరేం కాదు. మిరప, పత్తి వేసే ఇళ్లే అన్నీ. ఎవరింట్లో గిన్నె కింద పడినా వీధికంతటికీ తెలుస్తుంది. మా పిల్ల అరిస్తే ఇక చెప్పాలా? వీధి అరుగుల మీద మాటలు నేను వచ్చేసరికి ఆగిపోయేవి. ఆగిపోయిన మాట కంటే విన్న తిట్టే నయం.

అది పుట్టుకతో మొండిది కాదు. పలక మీద బొమ్మలు దిద్దుకుంటూ, తనలో తాను ఏదో పాడుకుంటూ కూర్చునేది. అంతలోకే ఏమయ్యేదో తెలియదు. చేతిలో ఉన్నది విసిరేది, దొరికిన చెయ్యి కొరికేది, ఒక్కోసారి తన చేతినే కొరుక్కునేది. బడిలో ఎక్కువగా మధ్యాహ్నం అన్నాల వేళ, ఇంట్లో సాయంత్రం దీపాలు పెట్టే వేళ. ఒంగోలులో డాక్టరుకు చూపించాం. వయసు వస్తే అదే తగ్గుతుందన్నాడు. పిల్ల ముఖం చూడకముందే అన్నాడు కాబట్టి ఆయన్నీ నమ్మలేదు.

హెడ్ మాస్టారు మంచివాడే, కానీ మిగతా తల్లిదండ్రులు ఆయన్ని కూర్చోనివ్వడం లేదు. ఒకరోజు నన్ను పిలిచి, "పరీక్షలయ్యేదాకా చూద్దామమ్మా. అప్పటికీ ఇట్లాగే ఉంటే, ఇట్లాంటి పిల్లలకి ఒంగోల్లో హాస్టలుతో బడి ఉందంట. కనుక్కోండి" అన్నారు. హాస్టలు! నాయనమ్మ చీర కొంగు గుప్పిట్లో పెట్టుకుంటే తప్ప నిద్రపోని పిల్ల. ఆ రోజు ఇంటికి వచ్చి పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చాను. అప్పటి నుంచీ నాకు ఒకటే పని. దీన్ని బడిలోంచి పంపాలని చూస్తున్నదెవరు? కొత్త టీచరా, బడి వంటమ్మా, బడి కమిటీ వాళ్లా? అందరి ముఖాలూ చదవడమే.

మా అత్తయ్యకు మాత్రం ఏ అనుమానమూ లేదు. దిష్టి. అంతే. పిల్ల అరవగానే ఆవిడ ఉప్పూ మిరపకాయలూ గుప్పిట్లో పోసుకుని వచ్చేది. పీట వేసి, దాన్ని తూర్పు ముఖంగా కూర్చోబెట్టి, తల చుట్టూ చెయ్యి తిప్పుతూ, "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, ఊరి దిష్టి, వాడ దిష్టి, కన్నతల్లి దిష్టి" అని లోగొంతుతో రాగం తీసేది. కన్నతల్లి దగ్గరికి వచ్చినప్పుడు నా వైపు ఒక చూపు పడేది. తర్వాత ఆ కాయలు పొయ్యిలో వేసేది. మిరపకాయ కాలితే ఘాటు రావాలి, ఇల్లంతా దగ్గాలి. ఘాటు రాలేదంటే దిష్టి గట్టిగా తగిలినట్టు లెక్క. మా ఇంట్లో ఏనాడూ ఘాటు రాలేదు. "చూశావా, ఒక్క తుమ్ము కూడా లేదు. ఎంత కన్ను పడిందో నా తల్లి మీద" అని అత్తయ్య ఎదురింటి వైపు చూసి మెటికలు విరిచేది. ఆ చూపు పట్టుకుని నేను ఎదురింటావిడతో పలకడం మానేశాను.

ఒక సాయంత్రం టీచరమ్మ చెప్పకుండా మా ఇంటికి వచ్చింది. పిల్ల ఇంటి దగ్గర ఎట్లా ఉంటుందో ఒకసారి చూద్దామని వచ్చానంది. చెప్పి రాకపోవడం నాకు నచ్చలేదు. ఆవిడ ఆదివారం చర్చికి వెళ్తుందని ఊళ్లో అందరికీ తెలుసు, అది అత్తయ్యకు నచ్చలేదు. "దిష్టీ గిష్టీ అని మనల్ని నవ్వుకోటానికి వచ్చింది, చూస్తా ఉండు" అని వంటింట్లో నా చెవిలో చెప్పింది. అయినా కాఫీ మాత్రం చిక్కగా పెట్టింది.

సరిగ్గా అప్పుడే మా చేలో మిరపకాయ కోతకు వెళ్లిన కూలీల ఆటో వచ్చి గుమ్మం ముందు ఆగింది. ఆటోలో పాటలు, దిగేవాళ్ల కేకలు, లోపల టీవీ, పొయ్యి మీద కుక్కరు. పిల్ల చేతిలో గ్లాసు గోడకు కొట్టి అరవడం మొదలుపెట్టింది. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. చూసుకో టీచరమ్మా, నీకు కావలసింది దొరికింది అనుకున్నాను. అత్తయ్య ఉప్పు కోసం లోపలికి పరిగెత్తింది. మా ఆయన టీవీ ఆపాడు. ఆటో అతను పాటలు కట్టేశాడు. కూలీలు కూడా గుమ్మం బయటే గప్‌చుప్‌గా నిలబడ్డారు. దిష్టి తీసేటప్పుడు ఎవరూ మాట్లాడకూడదు, అడ్డం నడవకూడదు. అది మా వైపు అందరికీ తెలిసిన పద్ధతే.

టీచరమ్మ మెట్టు మీద కూర్చుని కాఫీ చల్లారబెట్టుకుంటూ అంతా చూసింది. వెళ్తూ వెళ్తూ నన్ను వాకిట్లోకి పిలిచి, "మీరు గమనించారా అమ్మా? మీ అత్తయ్యగారు ఉప్పు తెచ్చేలోపే పాప తనే పీట లాక్కుని కూర్చుంది. కళ్లు మూసుకుంది. కాయలు పొయ్యిలో పడకముందే ఏడుపు ఆగింది. దానికి కావలసింది అదేమో" అంది.

"అంటే ఏందండీ, దిష్టి కోసం నా పిల్ల నాటకాలు ఆడతందా?"

"నాటకం కాదమ్మా. అడగందే అమ్మైనా పెట్టదంటారు గదా. పాపకి అడగటం ఇట్లాగే వచ్చు."

ఆవిడ వెళ్లిపోయింది. కాయలు పడకముందే ఏడుపు ఆగితే అసలు అది దిష్టేనా అని నాకు అనుమానం పట్టుకుంది. మర్నాడు అత్తయ్య గుడికి వెళ్లినప్పుడు ఆవిడ దిష్టి డబ్బా మూత తీసి చూశాను. అందులో ఉన్నవి అన్నీ తాలుకాయలు! కల్లంలో ఏరి పారేసిన, వానకు తడిసి తెల్లగా పాలిపోయిన, నాలుక మీద పెట్టినా చురుక్కుమనని కాయలు. మంచి కాయ మిర్చి యార్డుకు, నాసికాయ కూరలోకి, తాలు దిష్టికి. ఏ రైతు ఇంట్లో అయినా అంతే, మేలు కాయ ఎవరు తగలబెడతారు? నేను ఆ డబ్బాలో మా చేలో కాసిన ఎర్రటి తేజ రకం కాయలు నింపిపెట్టాను. ఆ సాయంత్రం అత్తయ్య దిష్టి తీసి పొయ్యిలో వెయ్యగానే ఇంటిల్లిపాదీ దగ్గలేక వీధిలోకి పరిగెత్తాం. ఎదురింటావిడ కూడా కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని బయటికి వచ్చింది. "పోయింది! పీడ పోయింది!" అని అత్తయ్య కళ్ల నీళ్లతో సంబరపడింది. నేను ఎదురింటావిడ వైపు చూడలేక తల దించుకున్నాను.

పాపం ఎదురింటావిడ కన్ను కాదని తేలింది. మరి? ఇక మిగిలింది నా పిల్ల. ఈ మాట రాయడానికి ఇప్పటికీ చెయ్యి ఆడదు. కన్నబిడ్డ మీద అనుమానపడ్డాను. ఇది కావాలనే చేస్తోందా? ముద్దు కోసం, నాయనమ్మ గారాబం కోసం మా అందరినీ ఆడిస్తోందా? తేల్చుకుందామని, ఒకరోజు అది అరుస్తుంటే అత్తయ్యను కదలనివ్వలేదు. "ఎంతసేపు అరిచిద్దో చూస్తా" అన్నాను. టీవీ మోగుతూనే ఉంది. పిల్ల తనే పీట లాక్కుని కూర్చుంది. ఎవరూ రాలేదు. తల చుట్టూ తన చెయ్యి తనే తిప్పుకుంది. అదీ కుదరక, రెండు చెవుల మీదా గుద్దుకుంటూ మణికట్టు కొరుక్కుంది. అప్పుడు చూశాను దాని ముఖం. ఆడించే పిల్ల ముఖం కాదు అది. బెదిరిపోయిన పిల్ల ముఖం. టీవీ వైరు పీకేసి దాన్ని ఒళ్లోకి లాక్కున్నాను. నన్ను కొరికింది. కొరకనిచ్చాను.

మర్నాడు నేనే టీచరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆవిడ చెప్పింది చిన్న మాటే. అరిచాక తీసే దిష్టి అరవకముందే తియ్యమంది. పొద్దున బడికి బయల్దేరే ముందు ఒకసారి, సాయంత్రం కూలీల ఆటో రాకముందు ఒకసారి. అది విని అత్తయ్య నోరు తెరిచింది. "జ్వరం రాకముందే మాత్ర మింగిస్తారా ఎక్కడన్నా? అయినా చర్చికెళ్లే మనిషి దిష్టి ఆపమనాలి గానీ, రెండు పూటలా తియ్యమంటదేంది? ఇందులో ఏదో మతలబు ఉంది" అంది. నాకూ అట్లాగే అనిపించింది. కానీ చెప్పొద్దూ, రెండు పూటలా దిష్టి తియ్యమని అడిగిన మనిషి అత్తయ్య జన్మలో మరొకరు లేరు. మతలబు ఉందంటూనే మర్నాటి నుంచి మొదలుపెట్టింది. ఆటో అతనికి కూడా పాటలు వీధి చివరే ఆపమని గట్టిగా చెప్పింది.

ఇంట్లో అరుపులు తగ్గాయి. పూర్తిగా పోలేదు, తగ్గాయి. బడిలో మాత్రం తగ్గలేదు. పరీక్షలు దగ్గర పడ్డాయనగా అన్నం లైనులో ఒక పిల్లవాడి భుజం కొరికింది. వాడి తల్లి మా గుమ్మంలోకి వచ్చి నానా మాటలూ అంది. నాలో పంతం లేచింది. వీళ్లంతా కలిసి గెంటేదాకా ఎందుకు ఉండాలి? మనమే టీసీ తీసుకుని పోదాం. మా ఆయనకు కూడా చెప్పకుండా మధ్యాహ్నం బడికి బయల్దేరాను.

ముందు గేటు దాకా వెళ్లి ఆగాను. అన్నాల వేళ నా పిల్లను వీళ్లు ఏం చేస్తున్నారో ఒకసారి కళ్లారా చూడాలి. కొడుతూ దొరికితే టీసీతో పాటు ఆ మాట కూడా ముఖం మీద అడిగి వెళ్లొచ్చు. గోడ చుట్టూ తిరిగి వెనక వరండా వైపు వెళ్లి, పగిలిన ఇటుకల సందులోంచి చూశాను.

ఇంకా బెల్లు కొట్టలేదు. పిల్లలంతా గదిలోనే ఉన్నారు. టీచరమ్మ మా అమ్మాయిని ఒక్కదాన్నే వరండాలోకి తెచ్చి చిన్న బల్ల మీద కూర్చోబెట్టింది. ఇప్పుడు కొడుతుంది అనుకున్నాను. ఆవిడ గుప్పిట బిగించి పిల్ల తల చుట్టూ తిప్పడం మొదలుపెట్టింది. గుప్పిట్లో ఉప్పు లేదు, కాయ లేదు. పెదాలు కదులుతున్నాయి. చెవి పెట్టి విన్నాను. "రెండు ఒకట్లు రెండు, రెండు రెళ్లు నాలుగు, రెండు మూళ్లు ఆరు." రాగం మాత్రం అచ్చం మా అత్తయ్యది. ఎక్కడా తేడా లేదు. పిల్ల కళ్లు మూసుకుని, ఒళ్లు వదిలేసి కూర్చుంది. ఎక్కం అయ్యాక టీచరమ్మ ఆ ఖాళీ గుప్పిట గోడ వైపు, అంటే సరిగ్గా నా వైపు, విసిరింది. పిల్ల కిసుక్కుమంది.

బెల్లు కొట్టారు. పళ్లాల మోత మొదలైంది. మా అమ్మాయి రెండు చేతులూ చెవుల మీద పెట్టుకుంది. పళ్లెం చంకలో ఇరికించుకుంది. ఇక అరుస్తుంది అనుకున్నాను. అరవలేదు. లైను చివర, అందరికీ కాస్త ఎడంగా నిలబడింది. ఎవరో పళ్లెం జారవిడిస్తే ఒక్క కేక పెట్టింది. టీచరమ్మ దాని వైపు చూసింది గానీ పరిగెత్తలేదు. పిల్ల మళ్లీ చెవులు మూసుకుంది.

గోడ చుట్టూ తిరిగి గేటులోంచి లోపలికి వెళ్లాను. నన్ను చూడగానే మా అమ్మాయి రెండడుగులు వెనక్కి వేసి, టీచరమ్మ చీర కుచ్చెళ్లు పట్టుకుంది. రోజూ పొద్దున బడికి పోనని గుమ్మం పట్టుకుని ఏడ్చే పిల్ల అది.

"నేన్రాను. బడి అవలా ఇంకా" అంది.

నా కొంగు కాక ఇంకొకరి కుచ్చెళ్లు. అసూయ వేసింది, ఏడుపు వచ్చింది, ఆ రెంటి కింద ఎక్కడో చెప్పలేనంత ఊరట. నేను దేని కోసం వచ్చానో అది ఎట్లా పసిగట్టిందో!

ఆఫీసు గదిలోంచి హెడ్ మాస్టారు బయటికి వచ్చారు. "ఏమ్మా, ఏదన్నా పని మీద వచ్చారా?"

"ఏం లేదండీ. పిల్ల పళ్లెం ఇంట్లో మర్చిపోయిందేమోనని వచ్చా" అన్నాను.

పళ్లెం దాని చంకలోనే ఉంది. ఆయన పళ్లెం వైపు చూశారు. ఖాళీగా ఉన్న నా చేతుల వైపూ చూశారు.

"మర్చిపోలేదులేమ్మా. రేపు కూడా తెచ్చుకోమనండి" అన్నారు.