మొగిలి గీసుకున్న మీసం

మేమంతా కాకా అని పిలిచే మొగిలి పదహారేళ్లప్పుడు బొగ్గు బాయిలో పని అడగడానికి వస్తే, మీసం కూడా రాలేదు పొమ్మని తరిమేశారట. మర్నాడు మూతి మీద బొగ్గుపొడితో మీసం గీసుకుని, పద్దెనిమిది నిండాయని చెప్పి పేరు రాయించుకున్నాడు. గోదావరిఖనిలో మా క్వార్టర్ల వరసలో ఈ కథ విననివాళ్లు లేరు. చెప్పినప్పుడల్లా ముందు తనే నవ్వేవాడు.

నలభై ఏళ్లు బొగ్గు నింపాడు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, వంగితే లేవనివ్వని మోకాళ్లు మిగిలాయి. ఒంట్లో బాగాలేని కార్మికుణ్ణి అన్‌ఫిట్ చేసి, ఆ ఉద్యోగం కొడుక్కిచ్చే పద్ధతి ఒకటి ఉండేది. దాన్ని అప్పటికి ఆరేళ్ల కిందటే ఆపేశారు. కాక కొడుకు సంపత్ ఐటీఐ చదివి మంచిర్యాలలో ఎవరిదో దుకాణంలో బస్తాలు మోసేవాడు.

రెండువేల నాలుగులో ఎన్నికలొచ్చాయి. సర్కారు మారితే వారసుల ఉద్యోగాలు తిరిగొస్తాయని గని గేటు మీటింగుల్లో నాయకులు ఊదరగొట్టారు. కాక నమ్మాడు. మొదటి షిఫ్టు దిగి, అన్నమైనా తినకుండా జెండా పట్టుకుని సెంటినరీ కాలనీ దాకా తిరిగేవాడు. ఢిల్లీలో సర్కారు మారిన రోజు నేను గుమస్తాగా ఉన్న గని టైమాఫీసులో అందరికీ లడ్డూలు పంచాడు.

"శాంతిరాజ్ సారూ, ఇగ మా పోరని ఫికర్ పోయింది" అంటూ నా నోట్లో తనే పెట్టాడు.

సర్వీసు పుస్తకాలన్నీ నా బీరువాలోనే ఉంటాయి. ఆయనది ఒకసారి తీసి, రిటైర్మెంటుకు ఎంత మిగిలిందో చూద్దామని ఆ రోజు నాకు తోచలేదు. ఆ లడ్డూ గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

ఆరు నెలలకు, వారసుల ఉద్యోగాలు మళ్లీ ఇస్తామని సర్క్యులర్ వచ్చింది. అడుగున ఒక షరతు: రిటైర్మెంటుకు కనీసం రెండేళ్లు మిగిలి ఉండాలి. సర్వీసు పుస్తకం ప్రకారం కాకకు పదహారు నెలలే ఉన్నాయి.

"తప్పు సారూ. నాకింక మూడేండ్ల మీదనే ఉన్నది."

"పుస్తకంల లేదు కాకా. అప్పుడు నువ్వే రెండేండ్లు ఎక్కువ రాయించుకున్నవు గద."

ఆ పుట్టిన సంవత్సరం మీద వేలు పెట్టి అరిచాడు.

"ఆపినోళ్లు ఆరేండ్లు ఆపిరి! ఇచ్చెటోళ్లు గిట్ల ఇయ్యవట్టిరి! ఎవలకు ఓటేసినా మాకేనా గీ తిప్పలు?"

వాళ్లు ఎందుకు ఆపారో, వీళ్లు రెండేళ్లే ఎందుకన్నారో నాకొచ్చిన ఏ కాగితంలోనూ లేదు. చదివి వినిపించడమే నా ఉద్యోగం.

తలుపు దాకా వెళ్లి కాక గొంతు తగ్గించాడు. "వయసు సంగతి మా సంపత్‌కు చెప్పకు సారూ. సర్కారే ఇయ్యలేదని చెప్త."

సరేనన్నాను. సాయంత్రం ఇంటికి వస్తుంటే సంపత్ వాళ్ల గడపలో కూర్చుని ఉన్నాడు. లోపల కాక సర్కారును తిట్టిపోస్తున్నాడు. సంపత్ లేచి నా దగ్గరికొచ్చాడు.

"సారూ, పొద్దుగాలనే గేటు కాడ సర్క్యులర్ చదివిన. మీసం కథ నాకు యాదికున్నది. నాకు ఎర్కనేనని బాపుకు చెప్పకుండ్రి."